ఫాంటమ్ గారి సర్వీసు రిజిస్టర్: కొన్ని ఆడిట్ అభ్యంతరాలు

పంచాయతీలో వీధిదీపం బల్బు మార్చాలంటే కొటేషన్లు కావాలి, ఓచరు కావాలి, పాత బల్బు ఏమైందో స్టాకు రిజిస్టరులో రాయాలి. లోకాన్ని కాపాడేవాళ్లకు మాత్రం ఏ రిజిస్టరూ లేదు. తొంభై ఏళ్ల పైబడి కామిక్ పుస్తకాల్లో కొందరు ఎవరి మంజూరూ లేకుండా లోకరక్షణ చేసుకుంటూ పోతున్నారు. గోడలు కూలుతున్నాయి, ఓడలు మునుగుతున్నాయి, బ్యాంకుల అద్దాలు పగులుతున్నాయి. బిల్లు ఎవరు కడుతున్నారని ఒక్కరూ అడగలేదు. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, చిన్నప్పటి నుంచి కామిక్స్ చదివినవాణ్ణి కాబట్టి ఈ తనిఖీ నేనే చేపట్టాను. నాకీ పని ఎవరూ అప్పజెప్పలేదన్నది నిజమే. వాళ్లకు మాత్రం ఎవరు అప్పజెప్పారు?

రికార్డుల సంగతి ముందే చెప్పాలి. కొన్ని రైల్వే స్టేషన్ పుస్తకాల షాపుల్లో కొన్నవి. కొన్ని విజయవాడ లెనిన్ సెంటర్‌లో, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చినవి. మరికొన్ని అద్దె లైబ్రరీలకు చెందినవి. అవి ఇప్పటికీ మా బీరువాలోనే ఎందుకున్నాయన్నది ఈ తనిఖీ పరిధిలోకి రాదు. "ఈ వయసులో బొమ్మల పుస్తకాలేమిటండీ" అని మా ఇంటావిడ లేవనెత్తిన అభ్యంతరాన్ని నమోదు చేసుకుని ఫైలులో పెట్టాను.

మొదటి ఫైలు ఫాంటమ్‌ది. లీ ఫాక్ అనే అమెరికన్ రచయిత 1936లో ఈయన్ని దినపత్రికల్లో ప్రవేశపెట్టాడు. మన దేశానికి 1964లో ఇంద్రజాల్ కామిక్స్ ద్వారా బదిలీపై వచ్చాడు. కుటుంబ చరిత్ర ఇదీ. 1536లో సముద్రపు దొంగలు ఒక ఓడ మీద పడి అందరినీ చంపేశారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒకే ఒక్క యువకుడు తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యిపెట్టి, దోపిడీ మీదా క్రూరత్వం మీదా అన్యాయం మీదా జీవితాంతం పోరాడతానని ప్రమాణం చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తన కొడుకులూ వాళ్ల కొడుకులూ కూడా ఇదే పని చేస్తారని పుట్టనివాళ్ల తరఫున కూడా సంతకం పెట్టేశాడు. ఇప్పుడు కుర్చీలో ఉన్నది ఇరవై ఒకటో ఆయన. ఆ కుర్చీ కూడా పుర్రెల సింహాసనమే. మన దగ్గర తరతరాలుగా నడిచిన కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవుల్ని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. ఆ ఆర్డినెన్సు కాపీ ఫాంటమ్ ఉండే పుర్రె గుహ దాకా చేరినట్టు లేదు.

లెక్క వేద్దాం. 1536 నుంచి 1936 దాకా 400 ఏళ్లు. అప్పటికి సర్వీసు పూర్తయినవాళ్లు 20 మంది. మనిషికి సగటున 20 ఏళ్లు. ఇరవై ఏళ్లు నిండితే వాలంటరీ రిటైర్మెంట్‌కు అర్హత వస్తుంది, అయినా ఒక్కరూ దరఖాస్తు పెట్టుకోలేదు. అందరూ సర్వీసులో ఉండగానే పోవడం, మర్నాడే కొడుకు అదే ముసుగు తొడుక్కోవడం. కారుణ్య నియామకం అంటే అభ్యంతరం ఉండేది కాదు. అయితే అడవిలో అందరికీ చెప్పింది వేరు: ఫాంటమ్‌కు చావు లేదు, నాలుగొందల ఏళ్లుగా ఉన్నది ఒకే మనిషి. అంటే ఇరవై మరణాల్లో ఒక్కటీ నమోదు కాలేదు. మరణ ధ్రువపత్రం లేకుండా కారుణ్య నియామకం ఏ రూలు కింద ఇచ్చారో వివరణ కోరుతూ మెమో ఇవ్వదగిన అంశమిది. పదిహేడో ఫాంటమ్‌కు బాగాలేనప్పుడు కవల సోదరి జూలీ ముసుగు వేసుకుని పని నెట్టుకొచ్చిందట. పాపం, ఆవిడను ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యతల) ఇన్‌ఛార్జిగానే వాడుకున్నారు, రెగ్యులర్ చేయలేదు. స్త్రీలకు దక్కిన న్యాయం ఏ అడవిలోనైనా అంతే.

యూనిఫాం మనం చూసింది ఊదా రంగు. స్వీడన్‌లో అదే దుస్తులు నీలం, ఇటలీలో ఎరుపు. యూనిఫాం అన్నాక అన్ని జిల్లాల్లోనూ ఒకే రంగు ఉండాలన్న కనీస నియమం పాటించలేదు. గుహలో ఖజానా ఉంది. అందులో అలెగ్జాండర్ వాడిన వజ్రపు గిన్నె ఉంది. స్టాక్ వెరిఫికేషన్ ఎప్పుడు జరిగిందో తెలియదు. ఈడెన్ అనే దీవిలో పులులకూ సింహాలకూ చేపలు పెట్టి సాధువుల్లా మార్చాడు. ఆ చేపల కొనుగోలుకు టెండర్ పిలవలేదు. పట్నం వెళ్లినప్పుడు ఓవర్‌కోటు వేసుకుని, తోడేలును వెంటబెట్టుకుని, బారులో కూర్చుని పాలు తాగుతాడు. ఇది మాత్రం నాకు నచ్చింది. బిల్లు చిన్నది.

ఇవన్నీ సర్దుబాటు చేసుకోదగ్గ అభ్యంతరాలు. సర్దుబాటు కానిది ఒకటుంది. అడవి అక్కడి బందర్ తెగవాళ్లది, దారులు వాళ్లవి, విషబాణాలు వాళ్లవి. తీర్పు చెప్పేది మాత్రం నాలుగొందల ఏళ్లుగా ఒకే తెల్ల కుటుంబం. బందర్ల నాయకుడు గురన్ బుద్ధిమంతుడు, ధైర్యవంతుడు, ఫాంటమ్‌కు చిన్ననాటి స్నేహితుడు. ప్రమోషన్‌కు అన్ని అర్హతలూ ఉన్నాయి. అయినా గుహ గుమ్మం దగ్గరే పోస్టింగు. తెల్లదొరలు వెళ్లిపోయి పదిహేడేళ్లు తిరక్కుండానే మనం ఈ దొరను పావలాలూ అర్ధరూపాయిలూ పోగేసుకుని మరీ కొనుక్కున్నాం. బెంగల్లా అనే ఆయన దేశం పేరు బెంగాల్‌లా వినిపిస్తోందని ఇంద్రజాల్ వాళ్లు డెంకాలీగా మార్చారు. పేరు ఒక్కటే మార్చారు. ఆ సంస్థే 1976లో ఆబిద్ సుర్తీ చేత బహదూర్ అనే మనవాణ్ణి తయారు చేయించింది. కుర్తా, జీన్సు ప్యాంటు, చంబల్ లోయ తరహా బందిపోట్ల మీద పోరాటం. ఊరివాళ్లను కూడగట్టి రక్షణ దళం నడిపేవాడు. పుర్రె గుహ లేదు, ఖజానా లేదు, గుర్రానికి పేరు లేదు. నా పరిశీలనలో లెక్కలు శుభ్రంగా ఉన్న అతికొద్దిమందిలో ఇతనొకడు. అందుకే అందరూ ఫాంటమ్‌ను గుర్తుపెట్టుకుని ఇతన్ని మరిచిపోయారు.

ఇంద్రజాలికుడు మాండ్రేక్‌ది చిన్న ఫైలు. లీ ఫాక్ సృష్టే, ఫాంటమ్ కన్నా రెండేళ్లు సీనియరు. చెయ్యి ఒకసారి తిప్పుతాడు, దొంగ చేతిలో తుపాకీ అరటిపండులా కనిపిస్తుంది. పుస్తకంలో ఒకటి, గ్రౌండ్‌లో ఇంకొకటి కనబడటం మా శాఖకు కొత్త కాదు. ఎంతోమంది ఇంజనీర్లు చెయ్యి తిప్పకుండానే లేని రోడ్డును చూపించారు. తోడుండే లోథార్ ఏడు జాతుల రాజకుమారుడు. సింహాసనం వద్దనుకుని మాండ్రేక్ సూట్‌కేసులు మోస్తున్నాడు. వంటవాడు హోజో చాటుగా అంతర్జాతీయ గూఢచారి సంస్థకు అధిపతి. ఒకే మనిషి రెండు జీతాలు తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు వంట రుచిని బట్టి నిర్ణయం తీసుకోవాలి.

టిన్‌టిన్ దగ్గరకు వచ్చేసరికి నా ఎర్రసిరా పెన్ను ఉత్సాహపడింది. 1929 జనవరిలో బ్రసెల్స్‌లో ఒక పత్రిక పిల్లల అనుబంధంలో హెర్జే ఇతన్ని రిపోర్టరుగా చేర్చాడు. మొదటి కథలో సోవియట్ దేశం వెళ్లి పెద్ద కాగితాల కట్టంత వార్త రాశాడు. ఆఫీసుకు పంపలేదు. ఆ తర్వాత రాయడమే మానేశాడు. ఈజిప్టు, చైనా, అమెరికా, టిబెట్, సముద్రం అడుగు, చివరికి చంద్రుడు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కన్నా పదిహేనేళ్లు ముందే అక్కడ అడుగుపెట్టాడు, నాలుగు లైన్ల టెలిగ్రామ్ అయినా కొట్టలేదు. ఏ ఎడిటరు ఈ టీఏ బిల్లుల మీద సంతకం పెట్టాడో గానీ, మా ఊరి విలేకరికి ఆ విషయం తెలిస్తే ఏడుస్తాడు. అతను రోజూ వార్త పంపుతాడు, పెట్రోలు డబ్బులు అతనే పెట్టుకుంటాడు, పైగా యాడ్స్ కూడా తేవాలి.

వయసు విషయంలో మాత్రం నేను ఉదారంగా ఉన్నాను. 1929 నుంచి 1976 దాకా, అంటే హెర్జే పూర్తిచేసిన ఆఖరి కథ దాకా, టిన్‌టిన్‌కు ఒక్క మీసం వెంట్రుక మొలవలేదు. నలభై ఏడేళ్ల సర్వీసులో కనబడిన మార్పు ఒకటే: మోకాళ్ల దాకా ఉండే పాత ప్యాంటు పోయి ఆఖరి కథలో బెల్‌బాటమ్ వచ్చింది. దాన్ని పదోన్నతిగా పరిగణించాలని నా సిఫార్సు.

కాంగో కథ గురించి రాయకపోతే నా పెన్షన్ అరగదు. 1931లో పుస్తకంగా వచ్చిన ఆ కథలో టిన్‌టిన్, అప్పట్లో బెల్జియం వలసగా ఉన్న కాంగోలో, ఆఫ్రికా పిల్లల క్లాసులో నిలబడి, మీ దేశం బెల్జియం గురించి చెబుతాను వినండి అంటాడు. 1946లో రంగుల్లో మళ్లీ వేసినప్పుడు హెర్జే ఆ బొమ్మలో పాఠాన్ని మార్చి కూడికల లెక్క పెట్టాడు. తప్పుడు ఎంట్రీని తుడిచేసి, దాని స్థానంలో మొత్తం సరిగ్గా వచ్చే లెక్క వేయడం! వృత్తిరీత్యా ఇంతకన్నా నేర్పైన సవరణ నేను చూడలేదు. మిగతా బొమ్మల్లో మనుషుల్ని గీసిన తీరు అలాగే ఉంది కాబట్టి ఆ పేరాను నేను మూసేయలేదు. కొన్నేళ్ల తర్వాత అదే మనిషి చైనా కథ రాయబోతూ జాంగ్ చోంగ్‌రెన్ అనే చైనా విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకున్నాడు. నీలి తామర పేరుతో వచ్చిన ఆ పుస్తకంలో గోడల మీది చైనా అక్షరాలు కూడా నిజమైనవే. అభ్యంతరం రాకముందే తనంతట తాను లెక్క సరిచేసుకునే శాఖలు అరుదు. మార్కులు వేశాను.

మన దేశం మీదుగా కూడా టిన్‌టిన్ వెళ్లాడు. టిబెట్ పోతూ ఢిల్లీలో ఆగాడు. అతని స్నేహితుడు కెప్టెన్ హాడాక్ రోడ్డుకు అడ్డంగా పడుకున్న ఆవును దాటబోయి దాని మీదే ఊరేగాడు. 1960 నాటి ఈ దృశ్యంలో ఇవాళ్టికి దిద్దాల్సిన వివరం ఒక్కటీ లేదు. ఆ కథలో కూలిపోయే విమానానికి తమ పేరు పెట్టారని ఎయిర్ ఇండియా అభ్యంతరం చెబితే హెర్జే దాన్ని శారీ ఎయిర్‌వేస్‌గా మార్చాడు. చీర అయితే అభ్యంతరం చెప్పేవాళ్లు లేరనుకున్నాడు. మా ఇంటావిడను సంప్రదించలేదు.

అన్నిటిలోకీ నాకు నచ్చింది 1963లో వచ్చిన క్యాస్టఫియోర్ పచ్చ కథ. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. హాడాక్ గారి బంగళాలో ఒక మెట్టు పగిలింది. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఇదిగో వస్తున్నా అంటాడు. మర్నాడూ అంటాడు. ఆ మెట్టు మీద జారి కెప్టెన్ కాలు మడతపడి చక్రాల కుర్చీ ఎక్కుతాడు. మేస్త్రీ రాడు. ఈలోగా ఒక గాయని అతిథిగా దిగి కదలదు, పచ్చ పోతుంది, పోలీసులొస్తారు, ఊరి బయట దిగిన సంచార కుటుంబాల మీద అనుమానపడతారు, చివరికి దొంగ ఒక పక్షి అని తేలుతుంది. ప్రపంచ సాహిత్యంలో సివిల్ వర్క్స్ గురించి ఇంత నిజాయతీగా రాసిన పుస్తకం ఇంకొకటి ఉంటే చూపించండి. హీరో లోకాన్ని కాపాడనవసరం లేదు, మెట్టు దగ్గర జాగ్రత్తగా నడిస్తే చాలు అనే స్థాయికి ఒక కామిక్ ఎదగడం చిన్న విషయం కాదు.

ఆస్టెరిక్స్‌ది ఉమ్మడి కుటుంబం కేసు. 1959లో గోసిన్నీ రాయగా ఉదెర్జో బొమ్మలు వేసిన ఈ కథల్లో సీజర్ ప్రపంచాన్నంతా గెలిచినా ఆస్టెరిక్స్ ఉండే ఒక ఊరు లొంగదు. కారణం పూజారి కాచే కషాయం. తాగితే బలం. దాని మీద ఎక్సైజు సుంకం కట్టిన దాఖలా లేదు. 1968లో వచ్చిన ఒలింపిక్స్ కథలో మాత్రం ఈ కషాయం నిషిద్ధమని తేలింది. రోమన్ ఆటగాళ్లు దొంగతనంగా తాగారు, పూజారి ముందే రంగు కలిపాడు, అందరి నాలుకలూ నీలంగా మారి పట్టుబడ్డారు. డోపింగ్ పరీక్షలు నిజం ఒలింపిక్స్‌లో మొదలైందీ ఆ సంవత్సరమే. నాలుక చాపితే తేలిపోయే పద్ధతి మన టెండరు కమిటీల్లో పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాను. క్వోరం ఉండదు.

వీళ్లు 1987లో మన దేశం వచ్చారు. వానలు లేక రాజకుమార్తెను బలి ఇవ్వబోతుంటే, ఊళ్లో ఎవరూ భరించలేని వాళ్ల పాటగాణ్ణి ఎగిరే తివాచీ మీద ఎక్కించుకుని తెచ్చారు. ఆయన నోరు విప్పితే వాన పడుతుంది. దారిలో గొంతు పోతే ఏనుగు పాలూ పేడా వెంట్రుకలూ కలిపి స్నానం చేయించారు. ఏనుగులు, పులులు, ఫకీర్లు, బలి. భారతదేశం అనగానే ఫ్రెంచివాళ్ల స్టోరు రూములో ఇంతకుమించి సామాన్లు లేవన్నమాట. మన దగ్గర వాన కావాలంటే అమృతవర్షిణి రాగం పాడాలి, శుద్ధంగా పాడాలి. అపస్వరానికి కూడా కురిసే వాన మీద ఇక్కడి విద్వాంసులు ఇంతవరకూ నిరసన తెలపకపోవడం విచారకరం.

ఇక ఇంటి ఫైళ్లు. అనంత్ పై గారు ఇంద్రజాల్ కామిక్స్ మొదలైనప్పుడు అందులో పనిచేశారు, అంటే ఫాంటమ్‌ను మన గడప దాటించిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. 1967లో ఢిల్లీలో ఒక టీవీ పోటీ చూశారు. పిల్లలు గ్రీకు దేవతల గురించి టకటకా చెప్పి, రాముడి తల్లి ఎవరంటే నీళ్లు నమిలారు. ఆ బాధలోంచి అమర్ చిత్ర కథ పుట్టింది. ఈ సంఘటన మీద నాకొక సాంకేతిక అభ్యంతరముంది. అప్పట్లో దేశం మొత్తమ్మీద టీవీ ఉన్నది ఢిల్లీలోనే, కాబట్టి నమూనా పరిమాణం చాలదు. అదే పోటీ తెలుగునాట పెట్టి ఉంటే ఏమయ్యేది? తెల్లారగట్ల ఎవరింట్లోనో, ఏ గుడి మైకులోనో సుప్రభాతం మోగుతుంది, అందులో మొదటి మాటే కౌసల్య. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పోటీ సజావుగా ముగిసేది, పై గారు నిశ్చింతగా ఇంటికెళ్లేవారు, నా బీరువాలో మూడు అరలు ఖాళీగా ఉండేవి.

ఆ పుస్తకాలు నాకు ప్రాణం. ప్రాణమైనవాటికే ఎక్కువ అభ్యంతరాలు రాయాలన్నది నా నియమం. అమర్ చిత్ర కథలో మంచివాడు ఎర్రగా సన్నగా ఉంటాడు, చెడ్డవాడు నల్లగా లావుగా గుబురు మీసాలతో ఉంటాడు. రాక్షసుడైతే పళ్లు బయటికి. మా పెదనాన్న అచ్చం అలాగే ఉండేవారు, ఆయన సాధు స్వభావుడైన హెడ్మాస్టరు. స్కూలు లైబ్రరీకి ఆ పుస్తకాలు తెప్పించిందీ ఆయనే. ఒక కథ చదివిన ఆరో తరగతి పిల్లలు మర్నాడు ప్రేయర్‌లో ఆయన్ని చూసిన చూపు నేను ఎరుగుదును. కృష్ణుడి బొమ్మ దగ్గర తెలుగువాళ్లకు వేరే చిక్కు వచ్చింది. రామ్ వాయీర్కర్ గారు ముచ్చటగానే వేశారు. కానీ 1957లో మాయాబజార్ చూసినవాళ్లకు ఇంకో కృష్ణుణ్ణి ఆమోదించే అధికారం లేదు. మా బామ్మ ఆ పుస్తకం తిరగేసి, "ఈ అబ్బాయెవరురా?" అని అడిగింది.

అదే వాయీర్కర్ గారి చేతి మీదుగా వచ్చిన ఇంకొకడు, నా తనిఖీలో అత్యుత్తమ ఉద్యోగిగా తేలినవాడు, టింకిల్ పత్రికలో సుప్పండి. తిరుచిరాపల్లి నుంచి ఒక పాఠకుడు పంపిన కథలతో 1983లో మొదలయ్యాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. అక్షరం పొల్లుపోదు. సొంత తెలివి కలపడు. ప్రతి కథలో ఉద్యోగం ఊడుతుంది, మరుసటి కథలో ఇంకో యజమాని దొరుకుతాడు. లోకం వాణ్ణి తెలివితక్కువవాడని నవ్వుతుంది. నేను సర్వీసంతా చూసిందేమిటంటే, జీవోను ఉన్నది ఉన్నట్టు అమలు చేసినవాడికి ఎప్పుడూ ఇదే గతి. తప్పు జీవో రాసినవాడిది. సుప్పండి మీద నమోదైన అన్ని ఆరోపణల్నీ కొట్టేయాలని సిఫార్సు చేస్తున్నాను. అదే పత్రికలో శికారీ శంభు ఉన్నాడు. టోపీ కళ్ల మీదికి, చెట్టు కింద నిద్ర, పులి తనంతట తానే బోనులో పడటం, దండలు శంభుకు పడటం. ఆయన పై వ్యాఖ్య అక్కర్లేదు. ఏ జిల్లా ఆఫీసుకు వెళ్లినా సజీవంగా దర్శించుకోవచ్చు.

చాచా చౌదరి మెదడు కంప్యూటర్ కన్నా వేగంగా పనిచేస్తుందని ఆయన్ని సృష్టించిన కార్టూనిస్టు ప్రాణ్ గారు ప్రకటించినప్పుడు మన దేశంలో కంప్యూటర్ అంటే ఒక గది. ఆ ప్రకటనను ఇప్పటి ఫోన్లతో పోల్చి మళ్లీ ధ్రువీకరించుకోలేదు. గురుగ్రహం నుంచి వచ్చిన పదిహేను అడుగుల సాబూకు వీసా ఎవరిచ్చారో, రోజుకు ఎన్ని చపాతీలు తింటాడో చాచీ ఒక్కతే చెప్పగలదు. సాబూకు కోపమొస్తే ఎక్కడో అగ్నిపర్వతం బద్దలవుతుంది. నష్టపరిహారం అంశం పెండింగ్. 2021లో చాచా గారిని గంగానది ప్రక్షాళన పథకానికి ప్రచారకర్తగా వేశారు. రిటైరయ్యాక సలహాదారు పదవి దొరకని పెద్ద అధికారి ఎవరైనా ఉన్నారా అని వెతుకుతూ ఉండేవాణ్ణి, కామిక్స్‌లో కూడా లేరని తేలింది.

ఆర్చీ అనే అమెరికా కుర్రాడి గురించి రెండు ముక్కలు చాలు. 1941లో వచ్చాడు, ఇప్పటికీ హైస్కూలు దాటలేదు. బెట్టీనా వెరోనికానా అన్న ఫైలు 1942 నుంచి టేబుల్ మీదే ఉంది. మధ్యలో 2009లో వెరోనికాతో పెళ్లి చేశారు, వెనకాలే బెట్టీతోనూ చేశారు, తర్వాత ఏదీ జరగనట్టు మళ్లీ క్లాసులో కూర్చోబెట్టారు. శోభన్ బాబు ఇదే సమస్యను రెండున్నర గంటల్లో, పాటలతో సహా, తేల్చేసేవారు.

ఇప్పటిదాకా రాసినవన్నీ చిన్నచిన్న అవకతవకలు. వీళ్లు ముసలివాళ్లు కాకపోవచ్చు, స్కూలు దాటకపోవచ్చు, వార్త పంపకపోవచ్చు. నేనేమీ అనను. కాలాన్ని ఆపేసి కూర్చోవడం కామిక్స్ హక్కు. చచ్చిపోయానని నమ్మించి, డబ్బులు వసూలు చేసుకుని, తిరిగి డ్యూటీలో చేరడం మాత్రం మోసం. ఇక్కడ అమెరికా సూపర్‌హీరోల మీద క్రిమినల్ చర్యకు సిఫార్సు చేయక తప్పదు.

1992 నవంబర్‌లో సూపర్‌మేన్ చచ్చిపోయాడు. పుస్తకాన్ని నల్ల కవరులో పెట్టి, చేతికి కట్టుకోవడానికి నల్ల గుడ్డ కూడా జతచేసి అమ్మారు. మన కేంద్ర పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే నెల నవంబరే. సరిగ్గా ఆ నెలలో చచ్చిపోవడం ఎంత బాధ్యతారాహిత్యమో ట్రెజరీ క్యూలో నిలబడినవాళ్లకు తెలుస్తుంది. తర్వాత నలుగురు వచ్చి నేనే సూపర్‌మేన్ అన్నారు. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ ఎవరి దగ్గరా లేదు. 1993లో అసలాయన జుట్టు పెంచుకుని తిరిగొచ్చి జాయినింగ్ రిపోర్టు ఇచ్చాడు. మధ్యకాలాన్ని ఏ సెలవు కింద సర్దారు? జనం కొన్న నల్లగుడ్డల డబ్బు వాపసు ఇచ్చారా?

అంతకు ముందు 1988లో బ్యాట్‌మేన్ సహాయకుడు రాబిన్‌ను, అంటే ఆ పేరుతో రెండోసారి చేరిన జేసన్ టాడ్ అనే కుర్రాణ్ణి, బతికించాలా చంపాలా అని పాఠకుల చేత ఫోన్లో ఓట్లు వేయించారు. కాల్‌కు 50 సెంట్లు. చంపండి అన్నవి 5,343. వద్దన్నవి 5,271. తేడా 72 ఓట్లు. మన పంచాయతీ వార్డులో 72 ఓట్ల తేడా వస్తే రీకౌంటింగ్ అడుగుతారు, టెంటు కూలుస్తారు, కలెక్టరు దగ్గరకు వెళతారు. అక్కడ ఒక పిల్లవాడి ప్రాణం పోతుంటే అభ్యర్థి తరఫున ఏజెంటు కూడా లేడు. ఒకడే ఎన్నిసార్లు ఫోన్ చేసినా అడిగేవాడు లేడు. పోనీ, ప్రజల తీర్పని సరిపెట్టుకుందామంటే 2005లో వాడు కూడా బతికొచ్చాడు. మరి ఆ 5,343 ఓట్లకు విలువేమిటి? ప్రజాస్వామ్యం మీద నమ్మకం పోయే పనులు మన దగ్గరే జరుగుతాయనుకునేవాణ్ణి.

స్పైడర్‌మేన్ పీటర్‌కు 1987లో పెళ్లి చేశారు. 2007లో రద్దు చేశారు. ఫ్యామిలీ కోర్టులో కాదు. చావుబతుకుల్లో ఉన్న పెద్దమ్మను బతికించడానికి ఒక దెయ్యంతో ఒప్పందం చేసుకుని ఇరవై ఏళ్ల కాపురాన్ని దానికి రాసిచ్చేశాడు. పెద్దమ్మ మీద ప్రేమను నేను తప్పుపట్టను, మన సినిమాల్లోనూ తల్లి కోసం ప్రేమను వదులుకున్నవాళ్లున్నారు. కానీ వాళ్లు ఇంటర్వెల్ తర్వాత తిరిగి తెచ్చుకునేవాళ్లు. రచయితలకు పెళ్లయిన హీరో బోరుకొట్టాడని దెయ్యం చేత సంతకం పెట్టించడం ఫోర్జరీతో సమానం. ఇదే కథల్లో 1973లో గ్వెన్ స్టేసీ అనే అమ్మాయి వంతెన మీంచి పడి చనిపోయింది. నకళ్లు, క్లోన్‌లు వచ్చాయి గానీ ఆ అమ్మాయి రాలేదు. యాభై ఏళ్లు దాటినా పాఠకులు ఆ పేజీ దగ్గర ఇప్పటికీ ఆగుతారు. పుస్తకాల దుకాణాల్లో నల్లగుడ్డ అమ్మకుండానే ఆ పని జరిగింది.

చందమామ కామిక్స్ కిందికి రాదని, పక్కన బొమ్మలున్న కథల పత్రిక అని ఒక మిత్రుడు సాంకేతిక అభ్యంతరం లేవదీశాడు. విచారించి తోసిపుచ్చాను. శంకర్ గారు వేసిన ఆ బొమ్మలో కత్తి పట్టుకుని, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి చూశాక మాటల అవసరం ఎవరికుంది? అయితే మంజూరు ఒకటి, ఖర్చు ఇంకొకటి. సంస్కృతంలో బేతాళుడికి మంజూరైన కథలు 25. చందమామ వందల కథలు చెప్పించింది. నెలనెలా రాజు చెట్టెక్కుతాడు, శవాన్ని దింపుతాడు, సమాధానం చెబుతాడు, మౌనం పోతుంది, శవం మళ్లీ చెట్టు మీదికి. దశాబ్దాలపాటు పనిలో పురోగతి సున్నా, పట్టుదల నూటికి నూరు. మా శాఖలో ఇలాంటి ప్రాజెక్టులను చాలా చూశాను. అధిక వ్యయం అంగీకరించడమైనది అని సంతకం పెట్టిన ఫైలు ఇదొక్కటే. ఎందుకని పైవాళ్లు అడిగితే, తెలిసీ సమాధానం చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుందని తెలుసు, అయినా చెప్పను.

మిగిలింది జపాన్ ఫైలు. మా మనవడు ముందుకు తోశాడు. వన్ పీస్ అట. 1997లో మొదలై వంద సంపుటాలు దాటింది. రబ్బరులా సాగే కుర్రాడొకడు ఓడేసుకుని నిధి కోసం తిరుగుతుంటాడు. ఇన్ని వేల పేజీల్లో కథాకాలం రెండేళ్ల పైచిలుకు గడిచిందని, నిధి ఇంకా దొరకలేదని వాడు గర్వంగా చెప్పాడు. పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలి. నేను అలవాటు కొద్దీ మొదటి పేజీ అనుకుని ఆఖరి పేజీ మీద రబ్బరు స్టాంపు వేసేశాను. వాడు ఇంకు తుడుస్తూ, "తాతయ్యా, నువ్వు సెటిల్‌మెంటు ముందు చూసి ఓపెనింగ్ బ్యాలెన్సు తర్వాత చూస్తావా?" అన్నాడు. నిజానికి మా శాఖలో చేసేది అదే. ప్రాథమిక వ్యాఖ్యలు రాసి పెట్టాను గానీ ఏ గడిలోంచి ఏ గడిలోకి వెళ్లాలో ఇంకా తేలలేదు. వాడు ట్యూషన్ నుంచి ఎనిమిదింటికి వస్తాడు. ఫైలు అప్పటిదాకా పెండింగ్.